ఒక ఇల్లాలు, మూడు భాషలు

2020వ సంవత్సరం జూలై నుంచి మరుసటి సంవత్సరం డిసెంబరు దాకా మా వీధిలో సాయంకాలాలు, రాత్రులు నడచి వెళ్ళేవారికి ఒక చిత్రమైన అనుభవం కలుగుతూ ఉండేది. మా కిటికీలో నుంచి తులసి అనే ఇల్లాలి కష్టాలు తెలుగులో వినిపించేవి. పక్కవాటాలోని బెంగాలీ కుటుంబం ఇంట్లో అవే కష్టాలు శ్రీమయి పేరుతో వినవచ్చేవి. ఎదుటి మేడమీద, ఛప్రా నుంచి వచ్చి స్థిరపడినవారి ఇంట్లో ఆ ఇల్లాలి పేరు అనుపమ. ముగ్గురికీ పాతికేళ్ళు దాటిన సంసారం, ముగ్గురికీ పరాయి స్త్రీ మీద మనసు పారేసుకున్న భర్త, ముగ్గురికీ తల్లిని చిన్నచూపు చూసే ఎదిగిన పిల్లలు. వేళలు వేరు కావడంవల్ల ఒకే అవమానాన్ని ఆ వీధి ప్రతిరోజూ మూడుసార్లు భరించవలసి వచ్చేది.

టెలివిజన్ ధారావాహికల మీద నాకు సదభిప్రాయం లేదు. ఒక్క మాట అనగానే పదిమంది ముఖాలనూ మూడేసిసార్లు చూపించడం, వంటింట్లో పట్టుచీరలు, ఉరుముల వంటి వాద్యఘోష, మంచివారు నోరు విప్పి ఒక్క నిజం చెబితే ముగిసిపోయే చిక్కును ఆరు నెలలు సాగదీయడం, ఇవన్నీ నేనూ అందరిలాగే ఎగతాళి చేసినవే. పత్రికను ముఖానికి అడ్డం పెట్టుకుని అదే గదిలో కూర్చునేవాణ్ణి. ఆ పత్రిక చాటునుంచి నాలుగేళ్ళపాటు విన్నదీ, తరువాత పత్రిక పక్కన పెట్టి చూసినదీ ఇక్కడ వ్రాస్తున్నాను.

మాది ఆదిత్యపూర్. ఖర్కయి నదికి ఆవల జంషెడ్‌పూర్, ఈవల మేము. వంతెన దాటితే జిల్లా కూడా మారిపోతుంది. 2001 నుంచి మాది సరాయికెలా-ఖర్సావాన్ జిల్లా. ఛౌ నృత్యానికి పేరుగాంచిన సరాయికెలా మాకు జిల్లా కేంద్రమే అయినా మా బ్రతుకులు మాత్రం నదికి ఆవలి కొలిమి చుట్టూనే తిరుగుతాయి. 1912లో అక్కడ తొలి ఉక్కుదిమ్మ పోతపోసిన కాలం నుంచి శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల తెలుగువారు పని వెతుక్కుంటూ వస్తూనే ఉన్నారు. బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్నారు. కదమాలో సంఘం పెట్టుకున్నారు. మా నాయన టెక్కలి దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు. నేను ఇక్కడే పుట్టి, ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో విడిభాగాలు చేసే ఒక చిన్న కర్మాగారంలో జమాఖర్చుల గుమాస్తాగా ముప్పయి నాలుగేళ్ళు పనిచేసి విరమించాను. నా భార్యది నరసన్నపేట. 1984లో పెళ్ళయి ఈ ఊరు వచ్చేనాటికి ఆమెకు హిందీ ఒక్క ముక్క రాదు.

ఆమెకు హిందీ నేర్పినది నేను కాను, రామానంద్ సాగర్. ఆయన రామాయణం 1987 జనవరి 25న దూరదర్శన్‌లో మొదలై మరుసటి ఏడాది జూలై 31 వరకు ఆదివారం ఉదయాలలో వచ్చింది. మా పేట మొత్తానికి నాలుగైదు పెట్టెలు. ఒకటి మా ఇంట్లో. గదిలో చాప పరిస్తే గుమ్మం దాకా జనం. కైకేయి ఏమంటున్నదో ఎవరూ ఆమెకు చెప్పనవసరం లేకపోయింది. కైకేయి ఏమన్నదో నరసన్నపేటలో పుట్టిన ప్రతి ఆడపిల్లకూ తెలుసు. అర్థం ముందే చేతిలో ఉన్నది గనుక ఆ అర్థానికి తగిన హిందీ మాటను ఏరుకోవడం ఒక్కటే ఆమె చేయవలసి వచ్చింది. ‘వచన్’ అంటే మాట, ‘వనవాస్’ అంటే సరేసరి, ‘ఆజ్ఞా’ మనదే. ఏడాదిన్నర గడిచేసరికి కూరగాయల బండివాడితో నిస్సంకోచంగా బేరమాడగలిగింది. అయితే కొంతకాలం వాడితో కూడా అయోధ్యా నగరపు హిందీలోనే మాట్లాడిందనుకోండి. వాడు చేతులు జోడించి నవ్వేవాడు.

తెలుగు వినాలంటే మాత్రం ఆ రోజులలో తపస్సే. ఆదివారం మధ్యాహ్నాలు దూరదర్శన్ జాతీయ ప్రసారాలలో పురస్కారాలు పొందిన ప్రాంతీయ భాషాచిత్రాలు వచ్చేవి. ఆంగ్ల అక్షరక్రమంలో భాషలకు వరుస. అస్సామీతో ఆరంభమై, బెంగాలీ, గుజరాతీ, కన్నడం, మలయాళం అన్నీ గడిచి, తమిళం వెళ్ళిన తరువాత గానీ మన వంతు రాదు. ఈ అక్షరక్రమం కనిపెట్టినవాడికి తెలుగువారిమీద ఏమి కోపమో అని మా అమ్మ అనేది. తీరా ఆ ఆదివారం వచ్చేసరికి విద్యుత్తు పోవడం మా ఊళ్ళో సర్వసాధారణం. 1995లో ఉపగ్రహ తెలుగు ఛానళ్ళు పుట్టాక, వాటిని కేబుల్ ద్వారా ఇవ్వాలని మా పేటలోని తెలుగువారందరం సంతకాలు చేసి ఇచ్చిన కాగితం ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉన్నది.

2019 ఫిబ్రవరిలో కొత్త ధరల పద్ధతి వచ్చినప్పుడు ఆ కాగితం గుర్తుకు వచ్చింది. ఎవరికి ఏ ఛానల్ కావాలో వారే ఏరుకుని, దానికి వేరుగా ధర చెల్లించాలన్నారు. ఇంట్లో సభ తీరింది. మా అబ్బాయికి ఆటలు, మా కోడలికి బెంగాలీ, నాకు వార్తలు. కోడలిది ఘాట్‌శిల, విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ్ చివరి రోజులు గడిపిన ఊరు. 2017లో వారి పెళ్ళయింది. చేతిలో కాగితం, కలం పట్టుకుని నేను ఖర్చు కూడుతుంటే నా భార్య తనకేమీ అక్కరలేదన్నది. తెలుగు ఛానల్ వ్రాయమని పట్టుబట్టినది కోడలే. “మా ఎవరితో మాట్లాడతారు?” అని అడిగిందా పిల్ల. ఆమె అత్తగారిని ‘మా’ అని పిలుస్తుంది. ఆ ప్రశ్నకు నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. కొడుకుతో హిందీ కలిసిన తెలుగు, కోడలితో హిందీ, వీధిలో హిందీ. మిగిలినది నేను. నేను పత్రిక చదువుకుంటూ ఉంటాను.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో స్టార్ మాలో ‘ఇంటింటి గృహలక్ష్మి’ మొదలయింది. తులసిగా కస్తూరి నటించారు. రెండు వారాలు గడవకముందే కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి, “ఇది మా శ్రీమయి కదా!” అన్నది. నిజమే. బెంగాలీలో లీనా గంగోపాధ్యాయ్ వ్రాయగా, ఇంద్రాణి హాల్దార్ నటించగా 2019 జూన్‌లో స్టార్ జల్సాలో ఆరంభమైన కథ అది. అప్పటికే ఎనిమిది నెలల కథ చూసి ఉన్న కోడలు ఇక మా ఇంటి జ్యోతిష్కురాలయింది. ఇంకా రాని ద్రోహాన్ని ముందే చెప్పేది. నా భార్య చెవులు మూసుకుని, “ఓలమ్మ, చెప్పకే!” అంటూనే, వేళ్ళ సందులోంచి వినేది.

మార్చి నెలాఖరుకు దేశమంతా మూతపడింది. చిత్రీకరణలు ఆగిపోయి తులసి మధ్యలోనే నిలిచిపోయింది. మార్చి 28న దూరదర్శన్ మళ్ళీ రామాయణం వేసింది. ముప్పయి మూడేళ్ళ క్రితం చాప మీద కూర్చుని చూసిన దాన్ని నా భార్య ఈసారి కోడలినీ, రెండేళ్ళ మనుమరాలినీ పక్కన పెట్టుకుని చూసింది. తాను హిందీ ఎలా నేర్చుకున్నదో ఆ రోజులలోనే కోడలికి చెప్పింది. కోడలు ఆ మాటను మనసులో ఉంచుకున్నదని మాకు తరువాత తెలిసింది. జూన్‌లో చిత్రీకరణలు మొదలై తులసి తిరిగి వచ్చాక, ఆ అమ్మాయి ఒక చిన్న నోటుపుస్తకం తెచ్చుకుని కూర్చోవడం చూశాను. కథ తెలుసు. శ్రీమయి ఏమన్నదో తెలుసు. కనుక తులసి ఏమంటున్నదో ఏరుకోవడమే మిగిలింది. బెంగాలీ లిపిలో తెలుగు మాటలు వ్రాసుకునేది. ‘కడుపుకోత’ అన్న మాట దగ్గర ఆగి, వంటకు సంబంధించినదా అని అడిగింది.

అరువు కథలని మనం తేలికగా చూస్తాం. నేనూ అలాగే అన్నాను, బెంగాలీవారి సొమ్మును మనవాళ్ళు తిరగవ్రాస్తున్నారని. అయితే మా నాన్నమ్మ కాలం నుంచి మన ఇళ్ళలో చదివినదేమిటి? చక్రపాణి తెలుగు చేసిన శరత్‌చంద్రుణ్ణి మనవాడే అనుకున్న పాఠకులు ఎందరో. దేవదాసు బెంగాలీవాడన్న సంగతి 1953 నాటి చిత్రం చూసి ఏడ్చినవారిలో సగం మందికి పట్టనే లేదు. వంగదేశపు ఇంటికథ తెలుగు ఇంటిలో ఇమిడిపోవడం కొత్త కాదు. కొత్త అయినదల్లా, ఒకే కథ ఏకకాలంలో దేశమంతటా ఆరేడు భాషలలో నడవడం. మా వంటి ఊళ్ళో ఒకే వీధిలో నిలబడి అన్నింటినీ పోల్చుకునే అవకాశం కలగడం.

పేర్లు చూడండి. బెంగాలీవారు ఆమె పేరే పెట్టారు. హిందీవారూ ఆమె పేరే పెట్టారు. కన్నడంలో ‘ఇంతి నిమ్మ ఆశా’. ఉత్తరం చివర ‘ఇట్లు మీ ఆశ’ అని చేసే సంతకం అది. మలయాళంలో ‘కుటుంబవిళక్కు’, ఇంటిదీపం. మనవారు ‘ఇంటింటి గృహలక్ష్మి’ అన్నారు. తులసి అన్న చక్కని పేరు ఉండగా బిరుదు తగిలించారు. పేరున్న మనిషికి ఇల్లు వదలి వెళ్ళే వీలుంటుంది. బిరుదుకు ఆ వీలు తక్కువ. ఇది నా తర్కమే కావచ్చు. ఛానల్ వారికి పండుగనాటి పేరులా వినిపించి ఉండవచ్చు. మరాఠీ పేరు అన్నింటికన్నా పదునైనది: ‘ఆయీ కుఠే కాయ్ కర్తే’. నాతో పనిచేసి విరమించిన ఒక మరాఠీ మిత్రుడు దానికి అర్థం చెప్పాడు. అమ్మ ఎక్కడ, ఏం చేస్తుందని? అంటే, ఏమీ చేయదు కదా అని వ్యంగ్యం.

ఇంటికి వచ్చి ఆ పేరు నా భార్యకు చెప్పాను. ఆమె పెద్దగా నవ్వింది. బీరకాయ చెక్కు తీస్తూ ఉన్నది. కాసేపటికి చెక్కు తీయడం ఆపి, “ఆ పెద్దాయన వచ్చినప్పుడు మీరు చెప్పినదీ అదే కదండీ” అన్నది.

ఏ పెద్దాయన అని అడిగాను. నిజంగానే నాకు గుర్తులేదు.

1991లో, మా పేటలోని తెలుగు పిల్లలకు ఆదివారాలు అక్షరాలు నేర్పడానికి మనిషి కావాలని ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడట. నా భార్య ఇంటర్మీడియట్ చదివింది. భాగవత పద్యాలు ఆమెకు నోటికి వచ్చునని ఎవరో ఆయనకు చెప్పారు. నేను ఆయనకు కుర్చీ వేసి, ఆమెను పిలవకుండానే, “ఇంట్లో తీరదండీ, అయినా ఆవిడేం చెబుతుంది?” అన్నానట. ఆమె లోపల టీకి పాలు కాస్తూ విన్నది. టీ తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి వెళ్ళిపోయాడు. ముప్పయ్యేళ్ళలో ఆ ప్రస్తావన ఒక్కసారి కూడా తేలేదు. ఇప్పుడు కూడా కోపంగా అనలేదు. వాకిట్లో పడి ఉన్న వస్తువును తీసి బల్లమీద పెట్టినట్టు చెప్పి, మళ్ళీ బీరకాయ అందుకున్నది.

తెరమీది భర్త కోటు వేసుకుంటాడు, అబద్ధాలాడతాడు, మరొక స్త్రీ ఇంటికి వెళతాడు. నేను అవేమీ చేయలేదు గనుక ఆ కథకూ నాకూ సంబంధం లేదనుకుని పత్రిక చాటున కూర్చున్నాను. పరస్త్రీ వ్యవహారం కథ నడవడానికి పెట్టుకున్న మేకు మాత్రమేనని, అసలు నేరం అంతకు పాతికేళ్ళ ముందునుంచే రోజూ కొద్దికొద్దిగా జరుగుతూ వస్తున్నదని లీనా గంగోపాధ్యాయ్ మొదటి భాగాలలోనే చూపించారు. చూడవలసిన చోట నేను చూడలేదు. జమాఖర్చులు వ్రాసినవాడిని కావడంవల్ల లెక్కలంటే నాకు మక్కువ. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటి చాకిరీ చేసే స్త్రీలు దానికి రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ సంఖ్యను ముప్పయి ఆరేళ్ళతో గుణించి చూశాను. వచ్చిన మొత్తాన్ని ఆమెకు చూపించే ధైర్యం చాలక కాగితం మడిచి పెట్టేశాను.

ఆ తరువాతనే పత్రిక పక్కన పెట్టి చూడడం మొదలుపెట్టాను. చూస్తే, మూడు భాషలలోనూ ఒకే కథ అనుకున్నది నిజం కాదని తేలింది. బయలుదేరిన చోటు ఒకటే. ఆగిన చోట్లు వేరు. శ్రీమయి భర్తతో విడిపోయి, పూర్వపరిచితుడైన రోహిత్ సేన్‌ను పెళ్ళాడింది. అనుపమ 2022లో అనుజ్‌ను పెళ్ళాడింది. మన తులసి జీవితంలోకి సామ్రాట్ వచ్చాడు. కానీ ఆ సంబంధం స్నేహం దగ్గరే నిలిచిపోయింది. కోడలు రోజూ ఎదురుచూసేది. “బెంగాలీలో ఈపాటికి పెళ్ళయిపోయింది, మా” అని తొందరపెట్టేది. నా భార్య ఒప్పుకునేది కాదు. “అక్కడ చేసుకుంటే చేసుకోనీ, తులసి అలా చేస్తే బాగుంటుందా? కోడళ్ళు వచ్చిన మనిషి!” అనేది. అంతగా అన్న మనిషే, అనుపమ పెళ్ళి భాగాలు వచ్చిన ఆ వారమంతా రాత్రి పది గంటలకు ఎదుటి మేడ ఎక్కి, ఛప్రా వారి ఇంట్లో కూర్చుని చూసి వచ్చింది. ఆఖరి రోజున కుంకుమరంగు చీర కట్టుకుని మరీ వెళ్ళింది. ఎలా ఉన్నదని అడిగితే, “బాగుంది” అని మాత్రం చెప్పి పడుకున్నది.

దీన్ని గురించి చాలా ఆలోచించాను. మన భాషలో జరిగితే మన ఇంట్లో జరిగినట్టు ఉంటుంది. పరభాషలో జరిగినప్పుడు మనసు కొంచెం స్వేచ్ఛగా సంతోషించగలదు. మా వంటి ప్రవాసులకు ఇది మరీ ఎక్కువ. ఊరు విడిచి వచ్చిన రోజున అక్కడ ఏ కట్టుబాట్లు ఉన్నవో వాటినే తెలుగుతనమని మూటగట్టుకుని తెచ్చుకున్నాం. నరసన్నపేటలో ఈనాడు ఎవరూ వెనుదిరిగి చూడని సంగతులకు మేమింకా ఇక్కడ తలుపులు వేసుకుంటాం. ధారావాహిక వ్రాసేవారికి హైదరాబాదులో ఏ భయం ఉన్నదో నాకు తెలియదు గానీ, ఆదిత్యపూర్‌లో మా ఇంట్లో ఉన్న భయాన్ని వారు సరిగానే అంచనా వేశారు.

భాష సంగతి కూడా చెప్పాలి. తులసి ఇంటి తెలుగు ఏ జిల్లాది? ఏ జిల్లాదీ కాదు. నడిమికి కత్తిరించి, అంచులు కుట్టిన భాష. పైగా మన ధారావాహికల నాయికలలో చాలామంది కన్నడిగులు, మలయాళీలు, తమిళులు. వారికి తెలుగువారు గొంతు అరువిస్తారు. కార్తీకదీపంలో దీపగా నటించి ఇంటింటి ఆడపడుచు అయిన ప్రేమీ విశ్వనాథ్ మలయాళీ. ఆ తెలుగులో ‘ఏటి’ అన్న మాట వినపడదు. వినపడితే హాస్యగాడి నోటనో, పనిమనిషి నోటనో వినపడుతుంది. నా భార్య పుట్టింటి పలుకుబడి పెట్టెలో ఎవరో ఒకరిని నవ్వించడానికే పనికివస్తున్నదని ఆమెకు ఎన్నోసార్లు మనసు కష్టపడింది. అయినా మా మనుమరాలు తెలుగు నేర్చినది ఆ పెట్టెదగ్గరే. నాలుగేళ్ళ వయసులో ఒకనాడు పాలు తాగనని మారాం చేస్తూ, నడుంమీద చేయి పెట్టుకుని, “మీరు చేసింది ఏమీ బాగాలేదు అత్తయ్యగారూ, దీనికి సమాధానం చెప్పాలి” అని నాయనమ్మను నిలదీసింది. ఇల్లంతా నవ్వాం. నవ్వు ఆగాక నా భార్య దానిని ఒడిలో కూర్చోబెట్టుకుని, “అలా కాదే గుంటా, ‘నానొల్లను’ అను” అని నేర్పింది. ఇప్పుడు ఆ పిల్ల రెండు తెలుగులూ మాట్లాడుతుంది, కోపం వస్తే తులసి ఇంటిది, ముద్దు వస్తే నరసన్నపేటది.

కోడలి నోటుపుస్తకంలో చుట్టరికాలకు ఒక పుట కేటాయించింది. బెంగాలీలో మేనత్త పిషీ, మేనమామ భార్య మామీ, భర్త తల్లి శాశుడీ. తెలుగులో ముగ్గురూ అత్తే అయితే తెరమీద ఎవరు ఎవరో ఎలా తెలుస్తుందని ఆమె సందేహం. “మేనత్త ఇంటికే కోడలిగా వెళ్ళేవాళ్ళం, ఇంకో మాటతో పనేముంది?” అన్నది నా భార్య. ఆ జవాబు కూడా ఆమె పుస్తకంలో వ్రాసుకున్నది. తిరగవ్రాసిన కథలో ఇటువంటి చోట్లనే అసలు కష్టం ఉంటుందని నాకు తోచింది. ఒక భాషలో కోడలిమీద అత్త చూపే అధికారం పరాయి మనిషి అధికారం. మరొక భాషలో ఆ మాటలోనే నాన్న తోబుట్టువు దాగి ఉన్నది. మనవాళ్ళు ఈ తేడాను వాడుకోకుండా బెంగాలీ సన్నివేశాన్ని ఉన్నదున్నట్టు దింపిన రోజులలో తులసి ఇల్లు కాస్త అద్దెయిల్లులా కనిపించేది.

నాకు నచ్చిన కార్యక్రమం వేరే ఉన్నది. 1996లో ఈటీవీలో ఆరంభమైన ‘పాడుతా తీయగా’. పిల్లలు పాడుతుంటే బాలసుబ్రహ్మణ్యం ఒక అక్షరం దగ్గర ఆపి, ఒత్తు ఎక్కడ పడాలో, శ్వాస ఎక్కడ తీసుకోవాలో చెప్పే తీరు కోసమే చూసేవాణ్ణి. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయిన నాడు మా ఇంట్లో పొయ్యి వెలిగించడం ఆలస్యమయింది. ఆయన కుమారుడు చరణ్ దానిని కొనసాగించాడు. మనుమరాలికి తెలుగు ఉచ్చారణ నేర్పే విషయంలో నా ఓటు ఎప్పుడూ దానికే. కానీ పాట పాడేవారిని విని పిల్లలు పాట నేర్చుకుంటారు, పోట్లాడేవారిని విని మాట నేర్చుకుంటారు. ఇంట్లో అవసరమయ్యేది రెండవదే.

శ్రీమయి 2021 డిసెంబరులో ముగిసింది. తులసి కథ 2024 జనవరిలో ముగిసింది. అనుపమ మాత్రం సాగింది. అమెరికా వెళ్ళి వచ్చింది. 2024 అక్టోబరులో కథ ఒక్కసారిగా పదిహేనేళ్ళు ముందుకు దూకింది. అనుజ్ కనిపించకుండా పోయాడు, పిల్లలు పెద్దవారయిపోయారు. తులసి లేని లోటు తీర్చుకోవడానికి మేము కూడా అప్పటికే అనుపమ దారి పట్టి ఉన్నాము. ఆ దూకుడు చూసిన రాత్రి నా భార్య చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “పదిహేనేళ్ళు దూకేశారు సరే, ఆ పదిహేనేళ్ళూ వండినది ఎవరో చూపించలేదు” అన్నది. నేను చదివిన టెలివిజన్ విమర్శలలో దీనికి సాటివచ్చే వాక్యం లేదు.

ఆమె రెండవ కోరిక కోరలేదు. కోడలే అడిగింది. నోటుపుస్తకంలో బెంగాలీ లిపిలో వ్రాసుకున్న మాటలు ఇక తెలుగు లిపిలో వ్రాస్తానన్నది. ఒక ఆదివారం వరండాలో చాప పరిచి నా భార్య కోడలికీ, మనుమరాలికీ అక్షరాలు దిద్దించింది. కోడలు మొదట కూడబలుక్కుని చదివినది పాత పత్రికలో పడిన ధారావాహిక ప్రకటన. ‘ఇంటింటి’లో రెండు సున్నలు ఎందుకని అడిగింది. తరువాత పక్కవాటా పిల్ల, దిగువ అంతస్తులో ఉండే సోంపేట వారి ఇద్దరు మగపిల్లలు వచ్చి చేరారు. పలకలు మా ఊళ్ళో దొరకక నేను వంతెన దాటి వెళ్ళి సాక్చీ బజారులో వెతికి తెచ్చాను.

మొన్న సాయంత్రం తలుపు కొట్టిన చప్పుడయింది. గమ్హరియా వైపు కొత్తగా ఇల్లు కట్టుకున్న ఒక తెలుగు కుటుంబం. భార్యాభర్తలు ఎనిమిదేళ్ళ కుర్రవాణ్ణి వెంటబెట్టుకు వచ్చారు. ఆదివారాలు అమ్మగారు పిల్లలకు తెలుగు చెబుతున్నారని విన్నాం, మావాణ్ణి కూడా చేర్చుకుంటారా అని ఆయన నన్ను అడిగాడు. అప్పటికే అయిదుగురున్నారు. వరండా ఇరుకు. ఆమెకు మోకాళ్ళ నొప్పి. ఇవన్నీ నా నాలుక చివరిదాకా వచ్చాయి. కుర్చీలు వేసి, లోపలికి వెళ్ళి, నీకోసం ఎవరో వచ్చారని చెప్పాను.

లోపల అనుపమ నిన్నటి భాగం మళ్ళీ వస్తున్నది. ఆమె ధ్వని తగ్గించమని కోడలికి చెప్పి, చెంగుతో చేతులు తుడుచుకుని బయటికి వచ్చింది. కుర్రవాణ్ణి దగ్గరికి పిలిచి, “ఏటి నాయనా, నీ పేరు?” అని అడిగింది. వాడు హిందీలో చెప్పాడు. ఆమె మళ్ళీ అడిగింది.